ఇంజను ఊపిరి, మనిషి ఊపిరి

కారు ఇంజనులో గాలిని తూచే ఒక సన్నని వేడితీగ పాతసామాను కొట్టు నుంచి ప్రయోగశాలకు, అక్కడి నుంచి రోగి మంచం దాకా ప్రయాణం చేయగలదు. కాని దారిలో ఒక ప్రశ్నకు అది జవాబు చెప్పి తీరాలి.

చెన్నైలోని పుదుపేట సందుల్లో నడిచినవారు ఆ దృశ్యాన్ని అంత తేలికగా మరచిపోలేరు. విడదీసిన కారు తలుపులు ఒక గోడ వెంబడి, దీపాలు మరొక గోడ వెంబడి, నూనె ఓడుతున్న ఇంజన్లు కాలిబాట మీద. ఢిల్లీలో మాయాపురిదీ ఇదే తీరు. ఇటువంటి రాశుల మధ్య ఎక్కడో ఒక నల్లని ప్లాస్టిక్ గొట్టం ముక్క దొర్లుతూ ఉంటుంది. పొడవు జానెడు ఉండదు. దాని పక్కన విద్యుత్తు తీగలు తగిలించే నాలుగైదు పిన్నుల మూతి. గొట్టంలోకి తొంగిచూస్తే ఒక చివర సన్నని జాలీ, మధ్యలో గోరంత పరికరం కనిపిస్తాయి. తెలియనివారికి అది పనికిరాని గొట్టం. తెలిసినవారికి అది త్రాసు. కంటికి కనిపించని, చేతికి చిక్కని గాలిని, అది పరుగెత్తుతూ ఉండగానే తూచే త్రాసు.

మోటారు పరిభాషలో దాని పేరు మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సరు. ఇంజనులోకి సెకనుకు ఎన్ని గ్రాముల గాలి పోతున్నదో కారులోని కంప్యూటరుకు చెప్పడం దాని ఉద్యోగం. కారుతో పాటు దాని ఆయువు కూడా తీరిపోవాలన్న నియమం లేదు. అందుకే చాలా దేశాలలో కళాశాల విద్యార్థులు, ఇంజను పనివారు, తీరిక వేళల్లో ప్రయోగాలు చేసుకునేవారు దీనిని ఏరి తెచ్చుకుని కొత్త పనులకు పెడుతున్నారు. పొయ్యిలోకి పోయే గాలి, గదిలోకి వచ్చే గాలి, కొలిమి తిత్తి ఊదే గాలి, ఆఖరికి మనిషి విడిచే గాలి కూడా దీని ముందుకు వచ్చాయి.

పని ఎంత తేలికగా కనిపిస్తుందో, అందులో పొరపాటు కూడా అంత తేలికగా దూరుతుంది. ఆ పొరపాటు ఎక్కడ పుడుతుందో తెలియాలంటే ముందుగా ఈ త్రాసు స్వభావం తెలియాలి.

వేడి పాలు, చల్లని గాలి

వేడి పాలగ్లాసు అందుకున్న ఏ తల్లి అయినా దాని మీద ఊదుతుంది. ఎంత గట్టిగా ఊదితే అంత త్వరగా పాలు చల్లారుతాయి. ఈ ఇంటింటి అనుభవాన్ని తలకిందులు చేసి చూడండి. పాలు ఎంత త్వరగా చల్లారాయో కొలవగలిగితే, ఎంత గట్టిగా ఊదారో చెప్పవచ్చు. సెన్సరులో ఉన్న రహస్యమంతా ఇంతే.

ఈ ఇంగితజ్ఞానాన్ని గణితసూత్రంగా మలచినవాడు కెనడా దేశంలోని మాంట్రియల్ నగరంలో, మెగిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన భౌతిక శాస్త్రజ్ఞుడు లూయీ వెస్సో కింగ్. విద్యుత్తుతో వేడెక్కించిన సన్నని తీగను గాలి ప్రవాహంలో నిలిపితే అది ఎంత వేడిని కోల్పోతుందో ఆయన 1914లో ప్రకటించిన పరిశోధనా పత్రంలో వివరించాడు. తీగ కోల్పోయే వేడి గాలి వేగంతో పాటు పెరుగుతుంది గాని, సమానంగా పెరగదు. గాలి కదలక నిలిచి ఉన్నప్పుడు కూడా తీగ కొంత వేడిని కోల్పోతూనే ఉంటుంది. ఆ పైన పెరిగే భాగం గాలి వేగపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. అంటే వేగం నాలుగింతలయితే ఆ భాగం రెండింతలే అవుతుంది. కింగ్ నియమమని పేరుపడిన ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోవాలి. ముందు ముందు దీనితో పని ఉన్నది.

అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థలో హ్యూ డ్రైడెన్, ఆర్నాల్డ్ కీథీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇటువంటి తీగనే గాలి సొరంగంలో నిలిపి, ప్రవాహంలోని అతి స్వల్పమైన ఒడుదొడుకులను కొలిచి, 1929లో తమ ఫలితాలను ప్రకటించారు. తీగ ఎంత సన్ననిదయితే అంత త్వరగా వేడెక్కుతుంది, అంత త్వరగా చల్లారుతుంది. అందుచేత గాలిలో క్షణమాత్రపు అలజడిని కూడా అది పసిగట్టగలదు. విమానాల రెక్కల మీద గాలి నడకను అర్థం చేసుకోవడానికి వేడితీగ ఎంతో కాలం పరిశోధకుల కుడిభుజంగా ఉన్నది. అప్పటికి అది ప్రయోగశాల సొత్తు. దానిని వీధిలోకి తెచ్చినది కారు పొగ.

త్రాసు కారులోకి వచ్చిన కథ

ఒక గ్రాము పెట్రోలు సరిగా, పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి తక్కువయితే పెట్రోలు సగం కాలి విషవాయువుగా బయటికి పోతుంది. గాలి ఎక్కువయితే మరికొన్ని దోషాలు పుడతాయి. అమెరికాలో 1970 నాటి పరిశుద్ధ వాయు చట్టం వచ్చేదాకా ఈ లెక్కను కార్బ్యురేటరు అనే యాంత్రిక సాధనం దాదాపుగా చూసుకునేది. చట్టం వచ్చిన తరువాత "దాదాపు" చాలలేదు. పొగగొట్టంలో విషవాయువులను విరిచే ఉత్ప్రేరకం అమర్చాలంటే, గాలి పెట్రోలుల పాళ్ళు ఇంచుమించు వెంట్రుకవాసి కూడా తప్పకూడదు.

జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1970లలో తెచ్చిన పద్ధతిలో గాలి ఒక రేకు తలుపును తోసుకుంటూ ఇంజనులోకి పోయేది. తలుపు ఎంత తెరుచుకున్నదో చూసి ఎంత గాలి పోయిందో అంచనా కట్టేవారు. ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉన్నది. తలుపు కొలిచేది గాలి పరిమాణానికి సంబంధించిన లెక్క. ఇంజనుకు కావలసినది గాలి బరువు. సముద్రతీరంలో లీటరు గాలికి ఉన్న బరువు, పదకొండు వేల అడుగులకు మించిన ఎత్తున ఉన్న లేహ్‌లో ఉండదు. అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టపు గాలిలో సుమారు 70 శాతం మాత్రమే. అందువల్ల తలుపు చెప్పిన లెక్కను ఎండకూ చలికీ ఎత్తుకూ తగినట్లు వేరే సాధనాలతో సరిదిద్దవలసి వచ్చేది.

వేడితీగకు ఆ బాధ చాలావరకు లేదు. తీగను చల్లార్చేది దానిని తాకిపోయే గాలి అణువులు. పలచని గాలిలో అణువులు తక్కువ, చల్లార్చే శక్తీ తక్కువ. కనుక తీగ స్వభావసిద్ధంగానే బరువు లెక్క చెబుతుంది. 1980ల ఆరంభంలో బాష్ సంస్థ ఈ సూత్రంతో కార్ల కోసం కొత్త పద్ధతిని విడుదల చేసింది. దాని పేరులోని రెండు అక్షరాలు జర్మన్ భాషలో గాలికి, వేడితీగకు సంకేతాలు.

దాని నిర్మాణం ముచ్చటైనది. వెంట్రుకంత సన్నని ప్లాటినం తీగ, చుట్టుపక్కల గాలి కంటే ఎప్పుడూ నూరు డిగ్రీలకు పైగా వేడిగా ఉండేటట్లు ఒక విద్యుత్ వలయం కావలి కాస్తుంది. కళాశాల భౌతికశాస్త్ర తరగతిలో చెప్పే వీట్‌స్టన్ బ్రిడ్జియే ఆ వలయానికి ఆధారం. గాలి ఎక్కువగా వచ్చి తీగను చల్లార్చబోతే వలయం వెంటనే మరింత విద్యుత్తును పంపి వేడిని నిలబెడుతుంది. ఆ అదనపు విద్యుత్తే కొలత. ఇంజను ఆగిన తరువాత తీగను సెకను పాటు దాదాపు వెయ్యి డిగ్రీలకు ఎర్రగా కాల్చి, పట్టిన దుమ్మును మాడ్చివేసే ఏర్పాటు కూడా ఉండేది. తరువాతి తరంలో తీగ స్థానంలో సిలికాన్ బిళ్ళ మీద పరచిన అతి పలుచని వేడి పొర వచ్చింది. దానికి ముందొకటి, వెనుకొకటి చొప్పున ఉష్ణోగ్రత కొలిచే బిందువులు అమర్చారు. గాలి వెనక్కు తన్నినప్పుడు కూడా అది దిక్కును గుర్తించగలదు. పాత తీగకు ఆ విద్య లేదు. గాలి ముందు నుంచి వచ్చినా, వెనుక నుంచి వచ్చినా దానికి చల్లదనం ఒక్కటే.

మన దేశపు చిన్న పెట్రోలు కార్లు అనేకం గాలిని తూచవు. లోపలి పీడనాన్ని కొలిచి లెక్కకడతాయి. అందువల్ల పాతసామాను కొట్టులో ఈ సెన్సరు డీజిలు కార్లలోను, పెద్ద పెట్రోలు కార్లలోను ఎక్కువగా దొరుకుతుంది.

రెండవ జన్మ

దొరికిన సెన్సరుకు 12 వోల్టుల బ్యాటరీ తగిలించి, దాని సంకేతపు తీగను మల్టీమీటరుకు కలిపి గొట్టంలో ఊదితే ముల్లు కదులుతుంది, లేదా అంకెలు మారుతాయి. చాలా రకాలలో సంకేతం సున్నా నుంచి అయిదు వోల్టుల మధ్య ఉంటుంది. కొన్నింటిలో వోల్టులకు బదులు సెకనుకు ఇన్ని కంపనాలుగా వెలువడుతుంది. మొదటిసారి ఆ అంకెలు కదలడం చూసిన కుర్రవాడి ముఖంలో వెలిగే ఆనందం వర్ణించనలవి కాదు. గాలి కనిపించింది!

రెండవ జన్మలో ఈ పరికరానికి మొట్టమొదట పని ఇచ్చినవారిలో ఇంజను పనివారూ ఉన్నారు. ఇంజను తలభాగంలో గాలి దారులను అరగదీసి వెడల్పు చేసినప్పుడు నిజంగా ప్రయోజనం కలిగిందా లేదా చూడడానికి, ఒక బలమైన ఊదుడు యంత్రంతో గాలిని లాగి, ముందూ వెనుకా కొలతలను పోల్చుకుంటారు. భవనాలలో చల్లగాలి గొట్టాలు ఏ గదికి ఎంత గాలి పంపుతున్నాయో చూడవచ్చు. వంటచెరకు పొయ్యిలోకి ఎంత గాలి పోతే పొగ తగ్గుతుందో పరీక్షించవచ్చు. ధాన్యం ఆరబెట్టే పంకా ఎంత పని చేస్తున్నదో తెలుసుకోవచ్చు. ఇటువంటి చోట్ల "ముందు కంటే ఇప్పుడు ఎక్కువా, తక్కువా" అన్న ప్రశ్నకు జవాబు దొరికితే చాలు. ఆ జవాబు సెన్సరు నిజాయితీగా చెబుతుంది.

అక్కడితో ఆగక, కొందరి చూపు మనిషి ఊపిరి మీదికి మళ్ళింది. అందులో ఆశ్చర్యం లేదు. ఊపిరి కూడా గాలి ప్రవాహమే కదా.

రెండు ఊపిరుల లెక్క

విశ్రాంతిగా కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు ఏడు లీటర్ల గాలి పీలుస్తాడు. రోజు మొత్తానికి అది పదివేల లీటర్లు. బరువులో చెప్పాలంటే ఇంచుమించు పన్నెండు కిలోలు. తినే అన్నం కంటే, తాగే నీటి కంటే మనం పీల్చే గాలి బరువే ఎక్కువ. రెండు లీటర్ల కారు ఇంజను నిలిచి ఉన్నచోట నెమ్మదిగా తిరుగుతూ సెకనుకు మూడు గ్రాముల చొప్పున గాలి పీలుస్తుందనుకుంటే, మనిషి ఒక రోజంతా పీల్చేది ఆ ఇంజనుకు గంటకు కాస్త పై మాట!

మరొక లెక్క ఇంకా చిత్రమైనది. ఆరోగ్యవంతుడైన యువకుడు గుండెల నిండా గాలి పీల్చి, శక్తికొద్దీ ఒక్కసారిగా ఊదితే, ఆ ఊపు శిఖరం వద్ద ప్రవాహం సెకనుకు ఎనిమిది నుంచి పది లీటర్లు, అనగా సుమారు పది గ్రాములు ఉంటుంది. ఆ లిప్తకాలం పాటు మనిషి మూడు ఇంజన్ల పెట్టు. కాని అదే మనిషి నిద్రలో పీల్చే ఊపిరి శిఖరం సెకనుకు అరలీటరు. అది ఒక గ్రాములో సగానికి కొంచెం పైన.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. బాష్ తయారీలో ఒక రకం సెన్సరుకు నిర్ణయించిన కొలత పరిధి గంటకు 8 కిలోల నుంచి 370 కిలోల వరకు. సెకనులోకి మార్చితే అది 2.2 గ్రాముల నుంచి 103 గ్రాముల దాకా. ఇంజనుకు అది సరిగ్గా సరిపోతుంది. బలంగా ఊదిన ఊపిరి ఈ పరిధిలోపలే పడుతుంది. కాని నిద్రపోతున్న మనిషి ఊపిరి దాని మొదటి మెట్టుకు కూడా అందదు. బియ్యపు బస్తాలు తూచే కాటా మీద బంగారు ఉంగరం పెట్టినట్లుంటుంది. కాటా చెడ్డది కాదు, దాని పుట్టుక వేరు.

అంకె ఎలా అబద్ధమాడుతుంది?

సెన్సరుకు గాలి తెలియదు. గ్రాములు తెలియవు. దానికి తెలిసినది ఒక్కటే: తాను ఎంత వేడి కోల్పోతున్నది. ఆ వేడిని గ్రాములుగా మార్చే పట్టిక కారు కంప్యూటరులో ఉంటుంది. సెన్సరును ఊడదీసినప్పుడు త్రాసు చేతికి వస్తుంది గాని, తూకపు రాళ్ళు కారులోనే ఉండిపోతాయి.

ఆ పట్టిక ఎవరి దగ్గరనైనా సంపాదించినా అది మూడు షరతులకు లోబడి ఉంటుంది. మొదటిది, గొట్టం. డెబ్బయి మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టంలో ఉండగా వేసిన పట్టిక, అదే పరికరాన్ని ఊడదీసి సగం వ్యాసం గల గొట్టంలో పెడితే చెల్లదు. వైశాల్యం నాలుగో వంతయి, అంతే గాలి నాలుగింతల వేగంతో పరుగెడుతుంది. గొట్టం ముందు వంపు ఉన్నా, జాలీ తీసివేసినా గాలి సుడులు తిరిగి అంకె మారిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు పరికరాన్ని దాని గొట్టంతో సహా వాడతారు. ముందు భాగాన గొట్టపు వ్యాసానికి పదింతల పొడవైన తిన్నని గొట్టం అమరుస్తారు.

రెండవది, వాయువు. పట్టిక మామూలు గాలి కోసం వేసినది. హీలియం మామూలు గాలి కంటే సుమారు ఆరింతలుగా వేడిని గుంజుకుపోతుంది. కార్బన్ డయాక్సైడు గాలి కంటే తక్కువగా గుంజుతుంది. మనిషి విడిచే ఊపిరి వెచ్చనిది, తేమతో నిండినది, కొంత కార్బన్ డయాక్సైడు కలిసినది. దానిని పొడి గాలి పట్టికతో చదివితే తప్పు తప్పదు.

మూడవది, పరిధి. ఇక్కడే కింగ్ నియమాన్ని మళ్ళీ తలచుకోవాలి. వోల్టులు రెట్టింపయితే గాలి రెట్టింపయిందని అనుకోవడం కొత్తగా పనిచేసేవారు చేసే మొదటి తప్పు. ఈ సంబంధం సరళరేఖ కాదు, వంపు గీత. గాలి మరీ మెల్లగా ఉన్నప్పుడు మరొక మాయ జరుగుతుంది. డెబ్బయి మిల్లీమీటర్ల గొట్టంలో సెకనుకు అరలీటరు ఊపిరి పోతే దాని వేగం సెకనుకు పదమూడు సెంటీమీటర్లే. అంత నెమ్మదిలో, వేడి పరికరం చుట్టూ తనంతట తానే పైకి లేచే వెచ్చని గాలి కూడా లెక్కలోకి దూరుతుంది. గొట్టాన్ని నిలువుగా పట్టుకుంటే ఒక అంకె, అడ్డంగా పట్టుకుంటే మరొక అంకె వస్తుంది. అదే ఊపిరిని ఇరవై మిల్లీమీటర్ల సన్నని గొట్టంలో నడిపితే వేగం సెకనుకు మీటరున్నర దాటి, ఆ మాయ తగ్గుతుంది. కాని గొట్టం మారింది కనుక పట్టిక మళ్ళీ కొత్తగా వేసుకోవాలి.

ఇవి చాలవన్నట్లు దుమ్ము ఒకటి. పాత సెన్సరు మీద సంవత్సరాల తరబడి పేరుకున్న నూనె, ధూళి దానికి కంబళి కప్పినట్లవుతాయి. అది తక్కువ చల్లారి, ఉన్న గాలి కంటే తక్కువ చెబుతుంది.

నీళ్ళ క్యాను చెప్పే సత్యం

మరి నిజం తెలిసేదెలా? ఇందుకు ఖరీదైన ప్రయోగశాల ఉండి తీరాలనేమీ లేదు. కుళాయి ఉన్న ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను, బకెట్టు, కాటా, గడియారం ఉంటే మొదటి మెట్టు ఎక్కవచ్చు.

క్యాను నిండా నీళ్ళు పోసి, సెన్సరు గొట్టాన్ని పై మూతికి గాలి చొరకుండా బిగించాలి. కింది కుళాయి తిప్పితే నీరు బయటికి వస్తుంది. బయటికి వచ్చిన ప్రతి లీటరు నీటికి బదులుగా ఒక లీటరు గాలి సెన్సరు గుండా లోపలికి పోక తప్పదు. దానికి మరో దారి లేదు. బకెట్టులో పడిన నీటిని తూచితే కిలోకు లీటరు చొప్పున గాలి లెక్క వస్తుంది. అర నిమిషంలో పదిహేను లీటర్లు పడితే ప్రవాహం సెకనుకు అరలీటరు. ఆ సమయంలో మల్టీమీటరు చూపిన వోల్టులను గ్రాఫు కాగితం మీద ఒక చుక్కగా గుర్తించాలి. మట్టం తగ్గేకొద్దీ ధార సన్నగిల్లుతుంది కనుక కొద్ది కొద్ది భాగాలుగా కొలుచుకోవడం మంచిది. కుళాయిని వేర్వేరుగా తిప్పి, ఇటువంటి చుక్కలు పది పన్నెండు సంపాదించి కలిపితే, ఆ సెన్సరుకు, ఆ గొట్టానికి మాత్రమే చెందిన వంపు గీత తయారవుతుంది. శాస్త్రపరిభాషలో దీనినే క్రమాంకనం అంటారు.

లీటర్లను గ్రాములుగా మార్చేటప్పుడు ఊరు కూడా లెక్కలోకి వస్తుంది. ముప్ఫయి డిగ్రీల వేడిలో విశాఖపట్నం తీరాన లీటరు పొడి గాలి సుమారు 1.16 గ్రాములు తూగితే, సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉన్న హైదరాబాదులో సుమారు 1.09 గ్రాములే తూగుతుంది. విశాఖ లెక్కను హైదరాబాదులో వాడితే నూటికి ఆరు పాళ్ళు తప్పు ఇంట్లోనే మొదలవుతుంది.

నీటితో గాలిని కొలిచే ఈ పద్ధతి కొత్తది కాదు. లండనులో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు నీటిలో బోర్లించిన పాత్రలోకి మనుషుల చేత ఊదించి, పాత్ర ఎంత పైకి లేచిందో చూసి వారి ఊపిరితిత్తుల శక్తిని కొలిచాడు. 1846లో ఆయన ప్రకటించిన పత్రంలో రెండు వేల మందికి పైగా కొలతలు ఉన్నాయి. మనిషి ఎత్తుకూ ఊపిరికీ గల సంబంధాన్ని, క్షయరోగం పైకి కనిపించక ముందే ఊపిరి తగ్గే సంగతిని ఆయన గమనించాడు. ఆ పరికరం పేరు స్పైరోమీటరు. ఇప్పటి ఆసుపత్రులలోని స్పైరోమీటర్లు చేతిలో ఇమిడేంత చిన్నవి. అయినా వాటిని మూడు లీటర్ల ప్రామాణిక సిరంజితో తరచు పరీక్షించాలని, తప్పు నూటికి మూడు పాళ్ళు మించరాదని అమెరికా, ఐరోపా శ్వాసకోశ వైద్యసంఘాలు 2005లో ఉమ్మడిగా నియమం పెట్టాయి. యంత్రం ఎంత కొత్తదయినా, తెలిసిన పరిమాణం ముందు నిలబడి సాక్ష్యం చెప్పవలసిందే.

పదిహేను మిల్లీలీటర్ల విలువ

నూటికి మూడు పాళ్ళ గురించి ఇంత పట్టుదల ఎందుకని అనిపించవచ్చు. దానికి జవాబు 2000 సంవత్సరంలో వెలువడిన ఒక వైద్య పరిశోధనలో ఉన్నది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని వెంటిలేటరు మీద ఉన్న 861 మంది రోగులను అమెరికా వైద్యులు రెండు వర్గాలుగా పరిశీలించారు. ఒక వర్గానికి ఊపిరికి కిలో బరువుకు 12 మిల్లీలీటర్ల చొప్పున, రెండవ వర్గానికి 6 మిల్లీలీటర్ల చొప్పున గాలి ఇచ్చారు. ఆ బరువు కాటా మీద తూచినది కాదు, మనిషి ఎత్తును బట్టి లెక్కకట్టినది. ఎక్కువ గాలి అందుకున్న వర్గంలో మరణాలు 39.8 శాతం. తక్కువ గాలి అందుకున్న వర్గంలో 31 శాతం. మందు మారలేదు, రోగం మారలేదు. మారినది ప్రతి ఊపిరిలోని గాలి కొలత.

2020లో కోవిడ్ మహమ్మారి ప్రపంచాన్ని చుట్టుముట్టినప్పుడు వెంటిలేటర్ల కొరత ఏర్పడింది. కారు భాగాల వైపు అనేకుల దృష్టి మళ్ళింది. స్పెయిన్‌లోని మార్టొరెల్‌లో సియాట్ కార్ల కర్మాగారం, కారు అద్దం తుడిచే మోటారుతో శ్వాసయంత్రాన్ని రూపొందించింది. దాని తుది రూపానికి ముందు పదమూడు నమూనాలు తయారయ్యాయి. అమెరికాలో టెస్లా ఇంజనీర్లు తమ కారు తెరను, కంప్యూటరును వాడి చేసిన నమూనాను ఏప్రిల్‌లో ప్రదర్శించారు. ఆఫ్ఘనిస్థాన్‌లోని హేరాత్ నగరంలో బాలికల బృందం ఒకటి టయోటా కరోలా కారు భాగాలతో చేసిన నమూనాను జులైలో ప్రజల ముందు ఉంచింది. ఆ ప్రయత్నాల వెనుక ఉన్న తపనకు ఎవరైనా చేతులు జోడించవలసిందే.

మోటారు గాలిని తోస్తుంది. కాని రోగి ఊపిరిలోకి నిజంగా ఎంత పోయిందో చెప్పే కన్ను వేరే ఉండాలి. స్విట్జర్లాండులో సెన్సిరియన్ అనే సంస్థ ఉన్నది. అది కార్లకూ వెంటిలేటర్లకూ గాలి సెన్సర్లు తయారుచేస్తుంది. 2020లో దాని వైద్య సెన్సర్లకు గిరాకీ అమాంతంగా పెరిగింది. సూత్రం రెండింటిలోనూ వేడే. అయినా కారుకు చేసేది వేరు, రోగికి చేసేది వేరు. రోగి సెన్సరు అతి తక్కువ ప్రవాహాన్ని కొలవాలి, ఆక్సిజన్ కలిసిన గాలిలో నిజం చెప్పాలి, ఒకరి ఊపిరిలోని క్రిములను మరొకరికి చేర్చకూడదు.

ఒక చిన్న లెక్క ఈ భేదాన్ని చెప్పగలదు. ప్రవాహం ఏమీ లేనప్పుడు కూడా సెన్సరు సెకనుకు 15 మిల్లీలీటర్లు ఉన్నట్లు చూపే దోషం ఉన్నదనుకుందాం. సెకను పాటు అయిదు వందల మిల్లీలీటర్లు పీల్చే పెద్దవాడికి అది నూటికి మూడు పాళ్ళ తప్పు. మూడు కిలోల పసిబిడ్డకు ఒక ఊపిరి మొత్తమే సుమారు 15 మిల్లీలీటర్లు. పీల్చే కాలం సెకనులో అరవంతు కంటే తక్కువ. దానిని నాలుగు పదవ వంతులనుకుంటే తప్పు ఆరు మిల్లీలీటర్లు, అనగా నూటికి నలభై పాళ్ళు. దోషం అదే, సెన్సరు అదే. మంచం మీద ఉన్న ప్రాణం మారింది.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడరాదు

అందుచేత తెలిసినవారు ఈ పరికరానికి రెండు గీతలు గీస్తారు. వంటగ్యాసు, గోబరుగ్యాసు వంటి మండే వాయువులలో దీనిని పెట్టనే పెట్టరు. వేడెక్కిన పరికరాన్ని మండే వాయువులో నిలపడం నిప్పుతో చెలగాటం. ఆక్సిజన్ గొట్టంలోనూ పెట్టరు. నూనె పట్టిన పాత సామాను ఆక్సిజన్ దగ్గర అగ్గిపుల్ల వంటిది. ఇక రోగి చికిత్సకు సంబంధించిన ఏ నిర్ణయమూ పాతసామాను సెన్సరు అంకె మీద ఆధారపడరాదు.

ఈ గీతలకు ఇవతల మాత్రం దాని ముందు విశాలమైన మైదానం ఉన్నది. తరగతి గదిలో ఒక విద్యార్థి గాలి పట్టిక తానే వేసుకుని, కింగ్ నియమాన్ని తన గ్రాఫు కాగితం మీద తానే కనుగొనవచ్చు. పొయ్యి రూపకర్త పొగకూ గాలికీ గల సంబంధాన్ని వెదకవచ్చు. వీధి చివర షెడ్డులోని మెకానిక్, తాను చేసిన మార్పు ఫలించిందో లేదో ఊహతో గాక అంకెతో తెలుసుకోవచ్చు. పారవేయబోయిన వస్తువుకు ఇంతకంటే గౌరవప్రదమైన రెండవ జన్మ ఏముంటుంది?

పుదుపేట కొట్టులో ఆ నల్లని గొట్టం ఇప్పుడూ ఎక్కడో పడి ఉంటుంది. దానిని ఎత్తి, దుమ్ము దులిపి, ఇంటికి తెచ్చి బ్యాటరీ తగిలించినవారికి అది వెంటనే ఒక అంకె చెబుతుంది. ఆ అంకెను నమ్మేముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "దేనితో పోల్చి చెబుతున్నావు?" ఇంజనులో ఉన్నంతకాలం ఆ ప్రశ్నకు జవాబును కారు తయారుచేసినవారు దాని కోసం రాసి ఉంచారు. బయటికి తెచ్చినవారు ఆ జవాబును తమ చేతులతో, ఒక క్యాను నీటితో, మళ్ళీ రాయవలసి ఉంటుంది. అంత ఓపిక ఉన్నవాడి చేతిలో అది త్రాసు. లేనివాడి చేతిలో అది అంకెలు పలికే బొమ్మ.